శిడ్లఘట్ట దాటని రాజులు

వారానికి మూడు రోజులు మా ఆయనను చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకుపోవాలి. చింతామణిలో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కుతాం. ఆయన లోపల రక్తం శుద్ధి చేసే మిషను పక్కన నాలుగు గంటలు పడుకుంటారు. నేను బయట హాల్లో ఇనుప కుర్చీలో కూర్చుంటాను. మొదట్లో జపమాల తెచ్చుకునేదాన్ని. తర్వాత కొన్నాళ్ళు పుస్తకాలు. ఇప్పుడు ఏమీ తెచ్చుకోవడం లేదు. నీళ్ళ సీసా, ఫైలు, ఆయన స్వెట్టరు, అంతే.

ఈ నెల మొదట్లో ఎవరో ఆ హాల్లో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు ఒకటి నిలబెట్టి, దాని చుట్టూ బ్యాటరీతో నడిచే బొమ్మ రైలు పెట్టారు. అది తిరిగి తిరిగి ఒకే మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. అటుగా పోయే నర్సు చెప్పు మొనతో తోస్తే మళ్ళీ కదులుతుంది. రెండు వారాలుగా దాన్ని చూస్తూనే ఉన్నాను. ఏమీ అనిపించలేదు. అలసిపోయిన కళ్ళకు గోడైనా ఒకటే, రైలైనా ఒకటే.

నిన్న ఆ నర్సే అందరికీ కాగితం పళ్ళేలలో కేకు ముక్క పెట్టి ఇచ్చింది. దగ్గరికి తీసుకున్నానో లేదో, వెనిల్లా వాసన ముక్కుకు తగిలింది. తినలేకపోయాను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. యాభై ఏళ్ళకు పైగా, మా అవ్వకు తప్ప, నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆ వాసనతో పాటు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

మా చిన్నప్పుడు చింతామణికి చిన్న రైలు ఉండేది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకు మోకాళ్ళు తగిలేవి. చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు మీదుగా బంగారుపేట దాకా పోయేది. అంత నిదానంగా నడిచే రైలును నేను మళ్ళీ చూడలేదు. పొద్దున ఒకసారి అటు పోయి, పొద్దుగుంకే వేళకు ఇటు వచ్చేది. దాని పొగంతా మా మిద్దె మీదికే వచ్చేది. అవ్వ ఎండబెట్టిన చింతపండు మీద, మజ్జిగ మిరపకాయల మీద నల్లటి నుసి రాలేది. అవ్వ రైలును మనిషిని తిట్టినట్టే తిట్టేది. "ఈ నల్లదానికి మా మిద్దె తప్ప యాడా దోవ లేదు" అనేది.

మాది అంగడి కుటుంబం. శెనగనూనె, బెల్లం, రాగులు, గోనెసంచులు. ఇంటి వెనక వాకిలి తెరిస్తే సందు. సందుకు అవతల రైల్వేవాళ్ళ ఇళ్ళు. అందులో మొదటి ఇంట్లో గార్డు ఉండేవాడు. చిన్న రైలు ఆఖరి పెట్టెలో నల్లకోటు వేసుకుని, చంకలో రెండు జెండాలు పెట్టుకుని నిలబడే మనిషి. నేను ఆయనను గార్డు మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. వాళ్ళు క్రైస్తవులు. మాటంతా మా మాదిరి తెలుగే. వాళ్ళకు ఒక్కతే కూతురు, నాకంటే చాలా పెద్దది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను ఎత్తుకుని తిరిగింది ఆ అక్కే.

మా రెండిళ్ళ మధ్య రాకపోకలకు ఒక పద్ధతి ఉండేది. ఉగాదికి మా ఇంటి నుంచి పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగలు పోయేవి. క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి పళ్ళెంలో బియ్యం, బెల్లం అచ్చు, కొబ్బరికాయ, అరటిపండ్లు వచ్చేవి. వండినది ఏదీ వచ్చేది కాదు. అవ్వ వాళ్ళ అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడేది. కానీ చుక్క నీళ్ళు తాగేది కాదు. అత్త ఆ సంగతి ఏనాడూ అడగలేదు, అవ్వ చెప్పలేదు.

డిసెంబరు నెల సగానికి వస్తుందనగా అత్త మా వెనక వాకిట్లోకి వచ్చేది.

"పెద్దమ్మా, గోదలికి రాగులు కావల్ల."

గోదలి అంటే వాళ్ళ దేవుడు పుట్టిన పశువుల పాక. దాన్ని బొమ్మలతో ఇంట్లో కట్టేవాళ్ళు. ఆ పాక చుట్టూ పచ్చిక కోసం రాగులు మొలకెత్తించేవాళ్ళు. అంగట్లో ఇన్ని మూటలున్నా అవ్వ ఆ రాగులను తానే చేటలో పోసుకుని, రాయీ మట్టీ ఏరి, పుచ్చు లేకుండా చూసి చారెడు కొలిచి ఇచ్చేది.

"ఎవుర్దేవుడైతే ఏమి, చిన్నబిడ్డ పండుకునే చోటు. పుచ్చు రాగులు పోస్తే మొలుస్తాయా" అనేది.

అత్త వాటిని తడిపి, మూతలు కోసిన నూనె డబ్బాల్లో మట్టి నింపి చల్లేది. నేను రోజూ బడి నుంచి రాగానే పరిగెత్తి చూసేదాన్ని. మూడో రోజుకు తెల్లటి మొన. అయిదో రోజుకు సూది. పదో రోజుకు బెత్తెడు పచ్చిక, చేత్తో నిమిరితే పిల్లి వీపు మాదిరి మెత్తగా ఉండేది. వాసన మాత్రం వాన పడిన చేను వాసన. నాన్న రెండు పాత గోనెసంచులు ఇచ్చేవాడు. గార్డు మామ వాటిని ఎర్రమట్టి నీళ్ళలో ముంచి, నలిపి, ఆరబెట్టి కొండలు చేసేవాడు. వేరే ఇళ్ళలో దూది అంటించి మంచు అనేవాళ్ళట. మామ ఒప్పుకునేవాడు కాదు.

"మంచు నేను చూడలేదు పాపా. చూడంది ఎట్ల చేసేది? మన కొండలు చూసినాను, అవే చేస్తా" అనేవాడు. నిజంగానే ఆ గోనె కొండల మీద గుండ్రాళ్ళు పేర్చి, గుడిబండె కొండ ఇదీ, కైవారం కొండ ఇదీ అని చూపేవాడు. గొర్రెల కాపర్లకు నల్ల కంబళి ముక్కలు కప్పేవాడు.

ఆ పది రోజులు వాళ్ళ ఇంట్లో సున్నం వాసన, మైదా జిగురు వాసన, మా అంగడి నూనెలో వేగే గులాబీ పువ్వుల వాసన. ఇనుప అచ్చును పిండిలో ముంచి నూనెలో పెడితే పువ్వు విడిచి తేలేది. ఇరవైనాలుగో తారీకు మధ్యాహ్నం అత్త కేకు పిండిని పెద్ద గిన్నెలో కలిపి, పైన తువ్వాలు కట్టి, బస్టాండు దగ్గర బేకరీకి తీసుకుపోయేది. రొట్టెలు కాల్చడం అయ్యాక పొయ్యి వేడి తగ్గే వేళకు ఆ బేకరీ ఆయన ఊళ్ళో క్రైస్తవుల కేకులన్నీ కాల్చి పెట్టేవాడు. నేను కూడా వెంట పోయేదాన్ని. గంటసేపు ఆ వేడి గోడకు వీపు ఆనించి నిలబడితే డిసెంబరు చలి తెలిసేది కాదు.

కానీ ఊరు ఊరంతా ఆ ఇంటికి వచ్చేది కేకుకూ పచ్చికకూ కాదు. రైలుకు.

గార్డు మామ ఒక రైలు చేసిపెట్టుకున్నాడు. ఇంజను పాలపొడి డబ్బాతో, పెట్టెలు అగ్గిపెట్టెల అట్టలతో, చక్రాలు దారం కండెలను కోసి. పెద్ద బల్ల మీద గోదలి చుట్టూ చెక్కతో గాడి చేసి, ఆ గాడిలో రైలు తిరిగేలా పెట్టాడు. స్టేషన్లూ ఉండేవి. అట్టముక్కల మీద కన్నడంలో పేర్లు రాసి నిలబెట్టాడు. చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి. చింతామణి తర్వాత శ్రీనివాసపురం రావాలి కదా, కాదు, బేత్లెహేము వచ్చేది. "మన ఊరు దాటినంకనే" అనేవాడు మామ, ఏ మాత్రం నవ్వకుండా.

రైలు రెండో పెట్టెలో ముగ్గురు రాజులు కూర్చునేవాళ్ళు. బిడ్డను చూడడానికి కానుకలతో వచ్చే జ్ఞానులు. వేరేవాళ్ళ గోదలిలో ఒంటెల మీద వస్తారు, ఈయన గోదలిలో చిన్న రైలులో వచ్చేవాళ్ళు. క్రిస్మస్ సాయంత్రం రైలు ఎన్ని చుట్లు తిరిగినా చివరికి చిక్కబళ్ళాపురంలోనే నిలిచేది. మర్నాడు శిడ్లఘట్టలో. ఆ పైన అయిదారు రోజులకు ఒక స్టేషను ముందుకు వచ్చి, జనవరి ఆరో తారీకుకు రాజులు బేత్లెహేములో దిగేవాళ్ళు. ఆ పొద్దు మళ్ళీ అందరికీ గులాబీ పువ్వులు పంచేవాళ్ళు.

రైలు తనంతట తానే నడుస్తుందని చూసేవాళ్ళందరూ అనుకునేవాళ్ళు. మామ దాని కింద ఒక దారం కట్టి, ఆ దారాన్ని బల్ల కిందికి దించి, అక్కడ ఒక చెక్క పిడికి చుట్టాడు. బల్ల చుట్టూ అత్త పాత చీర తెరలాగా వేలాడేది. తెర వెనక కూర్చుని ఎవరో ఒకరు ఆ పిడి తిప్పాలి. మామ గోడ మీద వేలితో ఒకసారి కొడితే బయల్దేరాలి, రెండుసార్లు కొడితే నిలపాలి. అన్ని సంవత్సరాలూ తిప్పింది అక్కే. ఆ యేడు వేసవిలో అక్కకు పెళ్ళయి హుబ్బళ్ళి వైపు పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు.

"పాపా, ఈసారి పిడి నువ్వు తిప్పల్ల. చేతనయితాదా?" అన్నాడు మామ.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అంత సంతోషం.

రంగు కాగితాల గొలుసులు కూడా అంతకుముందు అక్కే చేసేది. ఆ పని కూడా ఆ యేడు నాకే వచ్చింది. మామ కత్తిరించి జిగురు రాసి అంటిస్తాడు, నేను రంగు తీసి ఇవ్వాలి. ఒక ఎరుపు, ఒక పచ్చ, ఒక ఎరుపు, ఒక పచ్చ. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆ పని చేస్తున్నాం. నాకు ఊరికే కూర్చుంటే ఏదో ఒకటి చేయాలనిపించేది.

"ఎర్రది ఇయ్యి పాపా."

నేను పచ్చది ఇచ్చాను. ఆటకు. ఆయన తిడతాడని, నేను నవ్వుదామని. ఆయన దాన్ని తీసుకుని, చుట్టి, జిగురు రాసి అంటించాడు.

"ఇప్పుడు పచ్చది."

మళ్ళీ పచ్చదే ఇచ్చాను. అంటించాడు. ఆయన కూడా నాతో ఆడుతున్నాడనుకున్నాను. ఇంకోటి, ఇంకోటి. మూరెడు గొలుసు అంతా పచ్చగా తయారయింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన తలెత్తి, "ఏమిటికి నవ్వుతాండావ్?" అని అడిగాడు. ఆ ముఖంలో ఆట లేదు.

లోపలి నుంచి అత్త వచ్చి గొలుసు చూసింది. నా రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి పక్కన ఒక గూట్లో బేకరీ నుంచి ముందుగా తెచ్చిన చిన్న కేకు ఒకటి ఉంది. రుచి చూడడానికి కాల్పించుకున్నది. దాని ముందర నన్ను కూర్చోబెట్టింది.

"మామ కండ్లకి ఎరుపూ పచ్చా ఒకే మాదిరి అవుపడతాండాయి. రెండేండ్లయింది. రెండూ ఎండిన చింతాకు మాదిరి ఉండాయంట. ఇంక రెండేండ్లు పోతే రిటైరవుతాడు. ఎవురికీ చెప్పకూడదు పాపా. చెప్తే ఆయన్ని రైలెక్కనియ్యరు."

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. అత్త జెండాలు ఉతికి ఆరేసేటప్పుడు చూశాను, ఎర్ర జెండా కట్టెకు తెల్లదారం చుట్టి ముడివేసి ఉండేది. ఎందుకని అడిగితే చీలకుండా అని చెప్పింది. మామ ఆ దారాన్ని వేలితో తడుముకుని జెండా తెలుసుకునేవాడన్నమాట.

"చెప్పను" అన్నాను. నా కళ్ళు కేకు మీదే ఉన్నాయి.

అత్త అది చూసింది. ఒక ముక్క కోసి చేతిలో పెట్టింది. "దీంట్లో గుడ్డు ఉండాది. మీ అవ్వకి తెలిస్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ బతకనియ్యదు. నువ్వు తిన్నది నేను చెప్పను. నేను చెప్పింది నువ్వు చెప్పద్దు. సరేనా?"

సరేనన్నాను. తిన్నాను. అంత మెత్తటిది నేను అంతవరకు తినలేదు. నోట్లో ఎండు ద్రాక్ష పగిలింది. ఇంటికి పోతే అవ్వ దగ్గరికి పిలిచి, "నోరు తెరువు" అంది. వాసన చూసి, "ఇదేమి పూల వాసన మాదిరి వస్తాండాది?" అంది. సబ్బు వాసన అన్నాను. నోట్లో సబ్బు ఏమిటని అవ్వ అడగలేదు. ఒక చెంబుడు నీళ్ళు ఇచ్చి పుక్కిలించమంది, అంతే. ఆమెకు తెలిసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

క్రిస్మస్ ముందు రెండు సాయంత్రాలు పిడి తిప్పడం నేర్చుకున్నాను. చాలా బరువుగా తిరిగేది. తొందరగా తిప్పితే రైలు గాడి తప్పేది, నిదానిస్తే దారం జారేది. కుడి అరచేతిలో బొబ్బ లేచింది. ఇంట్లో చూపించలేదు.

క్రిస్మస్ సాయంత్రం ఆ చిన్న గది నిండిపోయింది. వీధిలో పిల్లలు, వాళ్ళ తల్లులు, చర్చి నుంచి నలుగురు, మా అమ్మ, వాకిట్లో నిలబడి అవ్వ. స్టేషన్ మాస్టరు తన భార్యతో వచ్చాడు. ఆయన ఆ యేడే మా ఊరికి బదిలీ అయి వచ్చిన మనిషి. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. నేను బల్ల కింద, తెర వెనక. నూనె దీపాల వాసన, నా నెత్తి మీద రాగి పచ్చిక తడి వాసన. మామ గోడ మీద వేలితో కొట్టాడు. నేను తిప్పాను. బయట పిల్లలందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చడం వినిపించింది.

ఎన్ని చుట్లు తిప్పానో తెలియదు. బొబ్బ పగిలింది. తెర సందులోంచి చూస్తే అందరి పాదాలే కనబడేవి. మా అమ్మ మట్టెలు కూడా కనబడ్డాయి. నేను ఇక్కడున్నానని ఆమెకు కూడా తెలియదు. ఎవరో, "దేవుడే నడిపిస్తాండాడు" అన్నారు. మామ నవ్వాడు.

ఆఖరికి రెండుసార్లు కొట్టాడు. రైలు చిక్కబళ్ళాపురంలో నిలిచింది. కాఫీలు, గులాబీ పువ్వులు వచ్చాయి. నేను వెనకవైపు నుంచి పాకి బయటికి వచ్చి, ఎవరైనా చూస్తారేమోనని నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. స్టేషన్ మాస్టరు భార్య గొలుసులను చూపిస్తూ అంటోంది.

"ఎంత చక్కగా కుదిర్చినాడమ్మా గార్డు. ఒక ఎరుపు, ఒక పచ్చ, యాడా ఒకటి తప్పలేదు. మగవాళ్ళకి రంగులు కుదిర్చేది ఎట్ల వస్తాదో."

మామ వినయంగా తల దించుకున్నాడు. నాకు చెయ్యి మండుతోంది. రైలు తిప్పింది నేను. రంగులు ఇచ్చింది నేను. కాఫీ లోటాలు నన్ను దాటుకుని పోతున్నాయి.

"రంగులు నేను కుదిర్చినా" అన్నాను గట్టిగా. "మామకి ఎరుపూ పచ్చా తెలీదు. రెండూ ఒకే మాదిరి అవుపడతాయి. నేను ఎత్తిస్తేనే అంటించినాడు."

కొందరు నవ్వారు. చిన్నపిల్ల మాట అనుకున్నారు. స్టేషన్ మాస్టరు మాత్రం నవ్వలేదు. చేతిలో లోటా కింద పెట్టాడు.

"ఏమప్పా" అన్నాడు మెల్లగా. "పాప చెప్పేది నిజమా?"

మామ అన్నాడు: "పగలు ఏం ఇబ్బంది లేదు సార్. సిగ్నల్ చెయ్యి పైకి ఉండాదా కిందికి ఉండాదా చూస్తే చాలు. జెండాలకి గుర్తు పెట్టుకున్న్యాను."

"పొద్దు మునిగినంక?"

మామ గోదలి దగ్గర దీపం ఒత్తి సరిచేస్తూ ఉండిపోయాడు. అత్త వంటింటి వాకిట్లో నిలబడి నా వైపు చూసింది. కోపంగా కాదు. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసింది. నేను గుడ్డు తిన్న సంగతి ఆమె అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అవ్వ అక్కడే ఉంది. చెప్పలేదు. తన మాట తాను నిలబెట్టుకుంది.

మర్నాడు పొద్దున నేను బడికి పోలేదు. అంగట్లో రాగి మూటల వెనక దాక్కున్నాను. మామ వచ్చాడు. నల్లకోటు లేదు. ఆ వేళప్పుడు తెల్ల చొక్కాలో ఆయనను చూడడం అదే మొదలు. నాన్నతో ఏదో మాట్లాడి, మూటల దగ్గరికి వచ్చి నా ముందర గొంతుక్కూర్చున్నాడు.

"చెయ్యి చూపియ్యి."

చూపించాను. జేబులోంచి చిన్న సీసా తీసి, కొబ్బరినూనె రెండు చుక్కలు అరచేతిలో రాశాడు.

"బాగా తిప్పినావు పాపా. యాడా గాడి తప్పలేదు" అన్నాడు.

అప్పుడే రైలు కూసింది. ఆయన గడియారం తీసి చూసుకున్నాడు. రైలు మా అంగడి వెనకగా పోయేంతవరకూ తలెత్తలేదు. ఆఖరి పెట్టె చప్పుడు కూడా దాటిపోయాక గడియారం జేబులో వేసుకుని లేచి వెళ్ళిపోయాడు.

కళ్ళ పరీక్షకు బెంగళూరికి పంపారు. రంగులు చూడలేడని రాసిచ్చారు. బంగారుపేటలో సామాన్ల గదిలో కూర్చునే పని ఇచ్చారు. ఇల్లు ఖాళీ చేయడానికి నెల గడువు. గోదలిని అత్త జనవరి దాకా తీయలేదు, కానీ రైలును ఎవరూ ముట్టలేదు. క్రిస్మస్ మర్నాడు మామ పరీక్షకు బయల్దేరే ముందు అలవాటుగా దాన్ని ఒక స్టేషను జరిపి పోయాడట. రాజులు శిడ్లఘట్టలోనే ఉండిపోయారు. నీళ్ళు పోసేవాళ్ళు లేక రాగి పచ్చిక పసుపు పచ్చగా వాలిపోయింది. ఆరో తారీకు ఎవరికీ ఏమీ పంచలేదు. నేను మా వాకిట్లోంచి వాళ్ళ కిటికీ వైపు చూస్తూ ఉండేదాన్ని. లోపలికి పోవడానికి కాళ్ళు వచ్చేవి కాదు.

ఆ నెలంతా నాకు జ్వరం వచ్చిపోతూ ఉంది. ఒక రోజు అవ్వ పక్కలో పడుకుని అంతా చెప్పేశాను, అత్తకు మాటిచ్చింది, మాట తప్పింది. గుడ్డు సంగతి కూడా. అవ్వ చాలాసేపు నా వీపు నిమిరింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని సందు దాటింది. అత్త గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. అవ్వ అరుగు మీద ఆగలేదు. గడప దాటి లోపలికి పోయి చాప మీద కూర్చుంది.

"నా మనవరాలి నోరమ్మా. ఏమి చేసేది" అంది.

అత్త పని ఆపలేదు.

"ఒక లోటా కాఫీ ఇయ్యి" అంది అవ్వ.

అత్త చేతులు ఆగాయి. అవ్వ ముఖంలోకి చూసింది. లేచి పొయ్యి వెలిగించింది. కాఫీ కలిపి తెచ్చి ముందర పెట్టింది. అవ్వ లోటా ఎత్తి, కడదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. తిరిగి వస్తూ సందులో అవ్వ గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. అప్పటికి ఆమెకు డెబ్బయి దాటి ఉంటాయి.

వాళ్ళు రైలులోనే వెళ్ళిపోయారు. ఏ పెట్టెలో కూర్చున్నారో చూడలేదు. ఆ ఇంట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. తర్వాత కొన్నేళ్ళకు పొగ ఇంజను పోయింది, ఆ పైన చిన్న రైలే పోయింది. పట్టాలు పీకి వెడల్పు పట్టాలు వేశారు. అవ్వ అప్పటికి లేదు. మిద్దె మీద ఏది ఎండబెట్టినా శుభ్రంగానే ఉంటోంది.

నాకు ముప్పై ఏళ్ళప్పుడు, చంటిపిల్లతో కోలారు బస్టాండులో నిలబడి ఉన్నాను. పక్క బెంచీ మీద ఒక ముసలావిడ, "చింతామణి బస్సు వచ్చిందా అమ్మా?" అని ఎవరినో అడుగుతోంది. గొంతు విని గుర్తుపట్టాను. దగ్గరికి పోయి ఎవరి కూతురినో చెప్పాను. అత్త నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. తర్వాత చేతులు తీసేసింది.

మామ పోయి రెండేళ్ళయిందని చెప్పింది. తాను చింతామణిలో ఒక పెళ్ళికి పోతోంది.

"అక్కడికి పోయినంక గోదలి పెట్టినారా అత్తా?"

"పెట్టినాడు. రైలు లేదు. రైలు నేను నీళ్ళ పొయ్యిలో పెట్టినా, ఇల్లు ఖాళీ చేసే దినం. ఆయన చూస్తానే ఉన్న్యాడు."

నేను తల దించుకున్నాను. క్షమించమని అడగాలని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఆమే మాట్లాడింది.

"ఆయన నిన్ను ఒక్క దినమన్నా ఒక్క మాటనలేదు. నేనే అనుకుంటా ఉన్న్యాను. ఎన్నో ఏండ్లు అనుకున్న్యాను." సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నీకొకటి తెలీదు. ఆ యేడు దసరా అయినంక ఒక సాయంత్రం, రైలు వెనక్కి జరుపుతాండారు. పట్టా మీద ఎద్దుల బండి ఉండాది. ఎర్ర దీపం చూపియ్యల్ల. ఆయన పచ్చది చూపించినాడు. బండోడు ఎద్దుల్ని అదిలించి దాటించుకున్న్యాడు. వెనక చక్రం నుజ్జయింది. మనిషి మిగిలినాడు. ఆ దినం ఇంటికొచ్చి ఆయన అన్నం తినలేదు. నేను చెప్పల్ల అప్పుడే, స్టేషన్ మాస్టరు ఇంటికి పోయి. రెండుసార్లు పొయినా. వాకిలి దాకా పోయి, వాళ్ళ భార్యతో మాట్లాడి వచ్చేస్తిని. నోరు రాలేదు. నేను చెప్పాల్సింది నువ్వు చెప్తివి. ఆ కోపం నీ మీద పోసుకుంటిని."

నా బిడ్డ ఏడవడం మొదలుపెట్టింది. అత్త తన సంచిలోంచి ఒక అరటిపండు తీసి, తొక్క ఒలిచి, చిన్న ముక్క దాని నోట్లో పెట్టింది.

"ఇప్పుడు కోపం కూడా లేదమ్మా. అలిసిపొయ్‌నాను" అంది.

చింతామణి బస్సు వచ్చింది. నేను వేరే ఊరికి పోవాలి. ఆమెను ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి అందించాను. బస్సు కదిలేదాకా ఇద్దరం చెయ్యి ఊపలేదు. మళ్ళీ నేను ఆమెను చూడలేదు.

అప్పట్లో ఆ మాటలు విని, నా తప్పేమీ లేదన్నమాట అని తేలికపడ్డాను. గోదలి కట్టిన నాటి ఆమె వయసు దాటాక గానీ ఆ వాకిలి దాకా రెండుసార్లు పోయి రావడం ఎట్లా ఉంటుందో తెలియలేదు. పోయిన నెల డాక్టరు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి ఒక మాట చెప్పాడు. ఆయనకు ఇంక ఎన్నాళ్ళు అనే లెక్క. మా ఆయన బయటికి రాగానే, "ఏమన్న్యాడు?" అని అడిగారు. "ఉప్పు తగ్గించమన్నాడు" అన్నాను. ప్రతిసారీ చెప్దామనే బయల్దేరతాను. చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట దాకా మాటలు పేర్చుకుంటాను. అంతలో ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోతారు. పదేళ్ళ పిల్ల ఎవరైనా వచ్చి, ఏమీ తెలియక, నలుగురిలో నా బదులు ఆ మాట గట్టిగా అనేస్తే బాగుండునని ఉంటుంది.